హీరోస్ 3కి నేను చేసిన మ్యాప్‌ను ఫ్రెండ్స్ మూడో వారంలోనే వదిలేస్తున్నారు. తప్పెక్కడుంది?

మీరు అడిగింది క్లుప్తంగా చెప్పుకుందాం. మారతహళ్ళిలో పీజీలో ఉంటున్నారు. హీరోలతో సైన్యాలు నడిపి గనులూ టౌన్లూ పట్టే కంప్యూటర్ ఆట ‘హీరోస్ ఆఫ్ మైట్ అండ్ మ్యాజిక్ 3’ మ్యాప్ ఎడిటర్‌తో ఐదు నెలలు కుస్తీ పట్టి బెంగళూరు మొత్తాన్నీ మ్యాప్‌గా చేశారు. ఎక్స్‌ఎల్ సైజు, పైగా అండర్‌గ్రౌండ్, అంటే నేల కింద అంతే సైజు ఇంకో పొర. శనివారం రాత్రి నలుగురు ఒకే లాప్‌టాప్ ముందు కూర్చుని హాట్‌సీట్‌లో, అంటే వంతులవారీగా, ఆట మొదలుపెడుతున్నారు. ఆటలో మూడో వారం వచ్చేసరికి ఒకరు ఫోన్ తీస్తున్నారు, ఇంకొకరు గోడకు తిరిగి పడుకుంటున్నారు. గార్డులను, అంటే కాపలా గుంపులను, మరీ బలంగా పెట్టానా, ఈవెంట్లు (ఆట మధ్యలో వచ్చిపడే సంఘటనలు) చాలలేదా అని మీ అనుమానం.

రెండూ కాదు. ఈవెంట్లు ఇంకో వంద పెట్టినా ఆ మనిషి పడుకునే ఉంటాడు. మీ మ్యాప్‌లో దూరాలు ఎక్కువ, మొదటి వారం ఖాళీ. ఎం సైజుకు కుదించండి. మొదటి ఏడు రోజుల్లో ప్రతి రోజూ ఆడేవాడు ఏదో ఒకటి తేల్చుకోవాల్సి వచ్చేలా సర్దండి. ముందు ఈ రెండూ చేసి చూడండి, మిగతావి తర్వాత. ఎందుకో వివరంగా రాస్తాను. కాస్త పొడుగే అవుతుంది, టీ పెట్టుకుని చదవండి.

నా సంగతి రెండు ముక్కలు. మాది హిందూపురం. ఉద్యోగానికి బెంగళూరు వచ్చిన కొత్తలో ఎస్పీ రోడ్డులో ఒక పాత కంప్యూటర్ కొన్నాను, అందులో ఈ ఆట ముందే ఎక్కించి ఉంది. ఆట వచ్చింది 1999లో, కాబట్టి నా చేతికొచ్చేసరికే పాతబడిపోయింది. అప్పటినుంచి ఇప్పటిదాకా 23 మ్యాపులు చేశాను. వాటిలో ఇంకొకరికి ధైర్యంగా ఇచ్చేవి నాలుగు. మిగతా పంతొమ్మిదిలో మీరు చేసిన తప్పులన్నీ ఉన్నాయి, మీరింకా చేయనివీ ఉన్నాయి.

దూరం లెక్క

బెంగళూరులో ఉంటున్నారు కాబట్టి ఇది మీకు తేలిగ్గా ఎక్కుతుంది. మారతహళ్ళి నుంచి సిల్క్‌బోర్డు ఎంత దూరం అని ఎవరైనా అడిగితే మీరు కిలోమీటర్లు చెబుతారా? ‘పొద్దున్నే ఐతే ఇరవై నిమిషాలు, సాయంత్రం ఆరు దాటితే దేవుడి దయ’ అంటారు. మ్యాప్ కూడా అంతే. ఎడిటర్ మీకు గళ్ళు చూపిస్తుంది. ఆడేవాడికి మాత్రం రోజులే కనిపిస్తాయి.

ఆటలో నడక లెక్క ఇలా ఉంటుంది. ఆ రోజు మొదలయ్యేటప్పటికి సైన్యంలో అన్నిటికన్నా నిదానంగా నడిచే జీవి ఏదో, దాన్నిబట్టి హీరోకు 1500 నుంచి 2000 దాకా మూవ్‌మెంట్ పాయింట్లు వస్తాయి. లాజిస్టిక్స్ లాంటి స్కిల్స్, బూట్లూ గుర్రపుశాలలూ కలిపే అదనం వేరు. గడ్డి నేల మీద నేరుగా ఒక గడి నడిస్తే 100 ఖర్చు, మూలగా నడిస్తే 141. రాళ్ళ నేల 125, ఇసుక, మంచు 150, బురద 175. రోడ్డు వేస్తే తగ్గుతుంది: మట్టి రోడ్డు 75, గులక రోడ్డు 65, రాళ్ళు పరిచిన రోడ్డు 50. డ్వార్ఫ్‌లను వెంటేసుకుని బురదలో దిగినవాడు రోజుకు ఎనిమిది గళ్ళు నడిస్తే గొప్ప. అదే హీరో రాళ్ళ రోడ్డెక్కితే 30 గళ్ళు పోతాడు.

ఇప్పుడు మీరు రాసిన ఒక్క వాక్యం తీసుకుందాం: ‘టౌన్ నుంచి మొదటి గోల్డ్ మైన్ 40 గళ్ళు ఉంటుంది, మధ్యలో ఇసుక.’ 40 గళ్ళకు 150 చొప్పున 6000. నిదానపు సైన్యంతో రోజుకు 1500. అంటే గని చేరడానికి నాలుగు రోజులు, తిరిగి రావడానికి ఇంకో నాలుగు. ఆ గని ఇచ్చేది రోజుకు 1000 గోల్డ్. ఆ నాలుగు రోజులూ ఆడేవాడు చేసే పని ఇసుకలో బాణం గుర్తు చివర నొక్కి, టర్న్ ముగించి, లాప్‌టాప్ పక్కవాడికి తోయడం. అదే దారికి రాళ్ళ రోడ్డు వేసి చూడండి, 40 గళ్ళు 2000 పాయింట్లలో అయిపోతాయి. ఒక రోజు, మహా అయితే ఒకటిన్నర. గని అక్కడే ఉంది, ఒక్క గడి కూడా జరపలేదు.

సైజుల లెక్క కూడా చూడండి. ఎస్ అంటే 36కు 36, ఎం 72కు 72, ఎల్ 108కి 108, ఎక్స్‌ఎల్ 144కు 144. పేర్లు చూస్తే ఒక్కో మెట్టు ఎక్కినట్టు అనిపిస్తుంది గానీ విస్తీర్ణంలో ఎక్స్‌ఎల్ అంటే నాలుగు ఎం సైజు మ్యాపులు. అండర్‌గ్రౌండ్ కూడా పెట్టారు కాబట్టి ఎనిమిది. గళ్ళు 41,472. వాటన్నిటినీ మీరు ఒక్కరే నింపాలి. ఐదు నెలలు పట్టిందంటే ఆశ్చర్యం లేదు, ఐదు నెలల్లో అయిందంటేనే ఆశ్చర్యం.

హాట్‌సీట్ మాట కూడా చెప్పాలి, ఎందుకంటే మీ ఫ్రెండ్ ఫోన్ తీయడానికి అసలు కారణం అదే. మొదటి వారంలో ఒక్కొక్కరి టర్న్ రెండు నిమిషాల్లో అయిపోతుంది. మ్యాప్ పెద్దది కాబట్టి అందరూ ఐదారుగురు హీరోలను కొని, సైన్యాన్ని ఒకరి చేతినుంచి ఇంకొకరి చేతికి అందిస్తూ లాగుతారు. ఒక్కొక్కరికి ఎనిమిది మంది దాకా హీరోలను బయట తిప్పే వీలుంది కదా. మూడో వారానికి టర్న్ ఎనిమిది నిమిషాలవుతుంది. నలుగురున్నారు, కాబట్టి తన వంతు వచ్చేదాకా 24 నిమిషాలు ఖాళీ. ఆటలో ఒక్క వారం గడవడానికి మూడుముప్పావు గంటలు. ఎక్స్‌ఎల్ మ్యాప్‌ను రోడ్డు లేకుండా అడ్డంగా దాటాలంటే దాదాపు పది రోజులు, అంటే మీ గదిలో ఐదు గంటల పైమాటే. ఆ ఐదు గంటల్లో శత్రువు ముఖం కూడా కనబడదు. నేనైనా పడుకుంటాను.

మొదటి వారం

నేను ఎడిటర్ తెరవడానికి ముందు నోట్‌బుక్ తెరుస్తాను. ఏడు గీతలు గీసి, ఒక్కో గీత మీద ఆ రోజు ఆడేవాడు దేన్ని చూసి తల గోక్కుంటాడో రాస్తాను. నా నాలుగు మంచి మ్యాపుల్లో ఒకదానికి వర్తూరు అని పేరు పెట్టాను. ఎర్ర రంగు ఆటగాడికి క్యాజిల్ టౌన్, అంటే పైక్‌మెన్ (బల్లెంవాళ్ళు), ఆర్చర్లు (విలుకాళ్ళు) పుట్టే రకం. దాని మొదటి వారం పేజీ ఇలా ఉంటుంది.

ఒకటో రోజు: ఆరు గళ్ళ అవతల సామిల్లు, కాపలా లేదు. దారిలో కలప కుప్ప. రోజు ముగిసేసరికి దూరంగా ట్రెజర్ చెస్ట్ కనిపించాలి, అందకూడదు. పైక్‌మెన్ ఉన్న హీరో గడ్డి మీద పదిహేను గళ్ళు నడుస్తాడు, కాబట్టి చెస్ట్ పద్దెనిమిదో గడిలో పెట్టాను.

రెండో రోజు: చెస్ట్ తెరిచాడు. గోల్డ్ తీసుకోవాలా, ఎక్స్‌పీరియన్సా? గోల్డ్ ఐతే రెండో హీరోకు కావలసిన 2500లో కొంత చేతికొస్తుంది. అదే రోజు ఓర్ గని, దాని ముందు 15 గాబ్లిన్లు.

మూడో రోజు: దారి చీలుతుంది. ఎడమవైపు జెమ్స్ గని ముందు 12 డ్వార్ఫ్‌లు, కుడివైపు ఒక ఆర్టిఫాక్ట్ (హీరో తొడుక్కునే మాయ వస్తువు) ముందు తొమ్మిది మంది వుడ్ ఎల్వ్స్. డ్వార్ఫ్‌లు మొండివాళ్ళే గానీ నడవలేరు. ఆర్చర్లు దూరం నుంచి కొడుతూ ఉంటే సగం మంది దారిలోనే పోతారు. ఎల్వ్స్ తక్కువ మందే అయినా దూరం నుంచే బాణాలు వేస్తారు, దగ్గరికి వెళ్ళేలోపు పైక్‌మెన్ రాలిపోతారు. అంకె చూసి కుడివైపు వెళ్ళినవాడు నేర్చుకుంటాడు.

నాలుగో రోజు ఎక్స్‌పీరియన్స్ ఇచ్చే లెర్నింగ్ స్టోన్, ఐదో రోజు వనరులిచ్చే విండ్‌మిల్. ఆరో రోజు రెండో హీరో టౌన్ నుంచి ఆర్చర్లను తెచ్చి కలవాలి, కలవగలిగే దూరంలోనే మొదటి హీరో ఉండాలి. ఏడో రోజు అసలు మెలిక: తెల్లారితే కొత్త వారం, టౌన్‌లో కొత్త సైన్యం పుడుతుంది. వెనక్కి వెళ్ళి తీసుకోవాలా, ఉన్నవాళ్ళతోనే సరిహద్దు గార్డును కొట్టి పక్కవాడి ప్రాంతంలోకి దూరాలా?

ఈ పేజీ రాయడానికి ఒక సాయంత్రం పట్టింది. సరిచేయడానికి మూడు వారాలు. రెండో వారం పేజీలో మాత్రం నాలుగు లైన్లే ఉంటాయి, ఎందుకంటే అప్పటికి ఆటగాళ్ళే ఒకరికొకరు పని కల్పించుకుంటారు. వాటర్‌వీల్ లాంటివి వారంవారం మళ్ళీ ఇస్తాయి, కాబట్టి వాటిని టౌన్‌కు మరీ దూరంగా విసిరేయకండి. మొదటి వారం 500, ఆ తర్వాత వారానికి 1000 గోల్డ్ ఇచ్చే వస్తువు కోసం నాలుగు రోజులు ఎవరూ నడవరు.

ఒక జాగ్రత్త. టౌన్ ఏదో చూసి గని పెట్టండి. డంజన్ రకం టౌన్‌లో డ్రాగన్లు పుట్టే డ్రాగన్ కేవ్ కట్టాలంటే 20 సల్ఫర్ కావాలి. సల్ఫర్ గని రోజుకు ఒకటే ఇస్తుంది. ఆ గని దగ్గర్లో లేని డంజన్ ఆటగాడు డ్రాగన్లను పక్కవాడి చేతుల్లోనే చూస్తాడు. టౌన్లను ర్యాండమ్‌గా వదిలేసిన మ్యాపులో ఈ లెక్క ఇంకా కష్టం, కాబట్టి మొదటి మ్యాపుకు టౌన్లు మీరే ఖాయం చేయండి.

గార్డుల గురించి

మీరు అడిగారు కాబట్టి చెబుతాను. మీ గార్డులు బలంగా లేరు, ఆలస్యంగా ఎదురవుతున్నారు. మ్యాప్ మీద కాపలా ఉన్న గుంపు వారానికి పది శాతం చొప్పున పెరుగుతుంది. మొదటి వారంలో 30 ఉన్నవి రెండో వారానికి 33. ఇదేం పెద్ద విషయం అనిపిస్తుంది. పన్నెండు వారాలు, అంటే ఆటలో మూడు నెలలు గడిస్తే అవి మూడింతలు దాటుతాయి. మీరు టెస్ట్ చేసినప్పుడు దగ్గరి దారిలో రెండో వారంలో వాటిని కొట్టారు, సరిపోయింది. దారి తెలియని మీ ఫ్రెండ్ ఏ పదో వారంలోనో చేరితే చస్తాడు. దూరం తగ్గిస్తే ఈ తేడా కూడా తగ్గుతుంది. కథకు ముఖ్యమైన గార్డు ఐతే ఎడిటర్‌లో దాని మీద డబుల్ క్లిక్ చేసి, సంఖ్య పెరగకుండా ఉండే గుర్తు పెట్టేయండి. స్వభావం కూడా అక్కడే ఉంటుంది. ‘కంప్లయంట్’ అని వదిలేస్తే కాపలావాడే వచ్చి మీ సైన్యంలో చేరిపోతాడు. నా ఆరో మ్యాపులో చివరి కోట కాపలాకు పెట్టిన నాగాలు అలాగే చేతులు కలిపాయి. ఆడిన మా కొలీగ్ ఇప్పటికీ ఆ మాట ఎత్తి నవ్వుతాడు.

గార్డు చుట్టూ ఉన్న ఎనిమిది గళ్ళలో ఎక్కడ అడుగు పెట్టినా యుద్ధమే. కాబట్టి మూడు గళ్ళ వెడల్పు దారి మధ్యలో ఒక్కటి పెట్టినా చాలు. కానీ చెట్లను నమ్మకండి. కంటికి దట్టంగా కనిపించే చెట్టు కింద నిజంగా అడ్డుపడేది ఒకటి రెండు గళ్ళే ఉంటాయి, హీరోలేమో రెండు అడ్డంకుల మధ్య మూలగా దూరిపోతారు. ఎడిటర్‌లో పాసబిలిటీ చూపించే బటన్ నొక్కండి. దాటలేనివన్నీ ఎర్రగా వస్తాయి. ఎర్రటి గోడలో ఎక్కడ సందు ఉందో అప్పుడు తెలుస్తుంది. సందు ఉందంటే దాన్ని కనిపెట్టేవాడు కచ్చితంగా మీ గదిలో ఒకడుంటాడు. ట్రాఫిక్ ఆగితే ఫుట్‌పాత్ ఎక్కించే స్కూటర్‌వాళ్ళను రోజూ చూస్తున్నాం కదా.

నా రింగ్ రోడ్డు కథ

మీలాగే నేనూ బెంగళూరు మ్యాప్ చేశాను, నా పదకొండోది. మెట్రో ఉండాలని ముచ్చటపడి మెజెస్టిక్, కెంగేరి, వైట్‌ఫీల్డ్ మూడు చోట్లా ఒకే రంగు టూ-వే మోనోలిత్ పెట్టాను. ఒకే రంగువి రెండు ఉంటే ఇక్కడ దూరినవాడు అక్కడ తేలతాడు. మూడు ఉంటే ఎక్కడ తేలతాడో ఆట ఇష్టం. వైట్‌ఫీల్డ్‌లో టౌన్ కాపాడుకోవడానికి పరిగెత్తిన నా రూమ్‌మేట్ వరసగా మూడుసార్లు కెంగేరిలో దిగాడు. నాలుగోసారి మౌస్ విసిరేశాడు. ఇప్పుడు నేను ఏ రంగువైనా జతగానే పెడతాను.

అదే మ్యాపులో బెళ్ళందూరు చెరువు చుట్టూ బురద నేల పరిచాను, చూడటానికి బాగుంటుందని. దాని ఒడ్డున ఫోర్ట్రెస్ టౌన్ ఇచ్చాను, అది బురదవాళ్ళ టౌనే కదా అని. ఇక్కడ నేను మరిచిపోయిన సంగతి: సొంత నేల మీద సొంత జీవులతో నడిస్తే ఆ అదనపు ఖర్చు ఉండదు. మిగతా ముగ్గురూ 175 చొప్పున ఈడ్చుకుంటూ వస్తుంటే ఫోర్ట్రెస్ ఆటగాడు 100 చొప్పున హాయిగా వెళ్ళి కోరమంగళను రెండో వారంలోనే పట్టేశాడు. బురద అతనికి కోటగోడ అయింది, గేటు తాళం కూడా అతని దగ్గరే. నేల రకం రంగు కోసం మార్చే ముందు దాని పక్కన ఏ టౌన్ ఉందో చూసుకోండి.

ఇంకో ఘోరం. పర్పుల్ గేటు తెరవాలంటే పర్పుల్ కీమాస్టర్ టెంట్‌కు వెళ్ళాలి. ఎడిటింగ్‌లో ఒక రాత్రి కొండలు జరుపుతూ జరుపుతూ ఆ టెంట్‌ను అదే గేటు లోపలికి తోసేశాను. తాళంచెవి లోపల, తాళం బయట. ఎడిటర్‌లో తప్పులు వెతికే వ్యాలిడేట్ నొక్కితే తప్పేమీ లేదంది. ఇలాంటివి దానికి పట్టవు. సంక్రాంతికి వచ్చిన మా బావమరిది ఆరు గంటలు ఆడి, రాత్రి రెండింటికి నన్ను లేపి, ‘బావా, టెంట్ ఎక్కడ?’ అన్నాడు. పొద్దున ఇడ్లీ తినేటప్పుడు కూడా నాతో మాట్లాడలేదు. అప్పటినుంచి ప్రతి రంగుకూ ఒక కాగితం మీద టెంట్ ఎక్కడుంది, గేటు ఎక్కడుంది, ఏది ముందు అందుతుంది అని రాసుకుంటున్నాను. మరో మాట, బోర్డర్ గార్డు వేరు, బోర్డర్ గేటు వేరు. గార్డు ఒకరు తెరిస్తే మాయమైపోతాడు, ఆ వెనక అందరూ దూరొచ్చు. గేటు మాత్రం టెంట్ చూసినవాడికే దారిస్తుంది. నలుగురు ఆడే మ్యాపుకు గేటే మంచిది, లేకపోతే ఒకడు కష్టపడతాడు, ముగ్గురు అనుభవిస్తారు.

దూరాన్ని చెడగొట్టే స్పెల్స్

దూరాలన్నీ సరిచేశాక వాటిని ఒక్క క్లిక్‌తో చెరిపేసేవి ఉన్నాయి. డైమెన్షన్ డోర్, ఫ్లై రెండూ ఐదో లెవెల్ ఎయిర్ స్పెల్స్, కొండలూ గోడలూ లెక్కచేయవు. టౌన్ పోర్టల్ నాలుగో లెవెల్ ఎర్త్. మ్యాప్ స్పెసిఫికేషన్స్‌లో స్పెల్స్ ట్యాబ్‌కు వెళ్ళి మొదటి రెండిటినీ తీసేయండి, ఆలోచించకండి. టౌన్ పోర్టల్ విషయంలో మనుషులు రెండు జట్లుగా విడిపోయి కొట్టుకుంటారు. నా వరకు చిన్న మ్యాపులో ఉంచుతాను. సొంత టౌన్‌కు తిరిగి రావడం అనేది విసుగే తప్ప ఆట కాదు. టౌన్లు ఎక్కువున్న పెద్ద మ్యాపులో తీసేస్తాను, ఎందుకంటే అక్కడ అది దాడికి దొడ్డిదారి అవుతుంది. ఆర్టిఫాక్ట్స్ ట్యాబ్ కూడా ఒకసారి చూడండి, ఏంజెల్ వింగ్స్ తొడుక్కున్నవాడికి ఫ్లై స్పెల్ అక్కర్లేదు.

కంప్యూటర్ ఆటగాడిని కూడా పెట్టాలనుకుంటే పడవలు తగ్గించండి. నీళ్ళ మధ్య అది చాలా తడబడుతుంది. ఒక ద్వీపంలో పెట్టి వదిలేస్తే మూడు నెలలు అక్కడే చుట్టూ తిరుగుతూ ఉంటుంది.

తెలుగులో రాయొచ్చా అన్నారు

ట్యావర్న్ రూమర్లు (టౌన్‌లోని సత్రంలో ఆటగాడికి కనిపించే పుకార్లు), క్వెస్ట్ మాటలు తెలుగులో పెడదామని మీకు ఆశ. పాత ఎడిటర్ యూనికోడ్ తీసుకోదు. తెలుగు లిపి పేస్ట్ చేస్తే వరసగా ప్రశ్నార్థకాలు వస్తాయి. నేను ఇంగ్లిష్ అక్షరాల్లోనే తెలుగు మాటలు కొడతాను, వాట్సాప్‌లో కొట్టినట్టే. ‘సిల్క్‌బోర్డు దగ్గర ట్రోల్స్ కూర్చున్నాయట, ఎంతిచ్చినా వదలవట’ అని ఒక రూమర్ పెడితే గదిలో ఉన్నవాళ్ళకు సగం ఆట అదే. కానీ రూమర్‌లో ఒక్క నిజమైన కబురు కూడా ఉండాలి, ఫలానా చోట గార్డు తక్కువ అనో, ఫలానా గేటు వెనక హీరో బందీగా ఉన్న ప్రిజన్ ఉందనో. ఉత్త జోకులైతే రెండోసారి ట్యావర్న్‌లో ఎవరూ చదవరు.

తెలుగు లిపే కావాలి అని పట్టుదల ఉంటే ‘బ్యాటిల్ ఫర్ వెస్నాత్’ వైపు ఒకసారి చూడండి. 2003లో మొదలైన ఉచిత ఆట, వంతులవారీ ఫాంటసీనే, గళ్ళు మాత్రం ఆరు మూలలవి. అక్కడ మ్యాప్ అంటే మామూలు టెక్స్ట్ ఫైల్, నోట్‌ప్యాడ్‌లో తెరిచి చూడొచ్చు. యూనికోడ్ గొడవ లేదు. టౌన్ కట్టడం, గనులు పట్టడం మాత్రం అందులో ఉండవు, కాబట్టి మీ ఫ్రెండ్స్ ఒప్పుకుంటారో లేదో.

ఏ వెర్షన్‌లో చేయాలి

మీ గదిలో అందరి దగ్గరా ఏది ఉందో ముందు కనుక్కోండి. 2015లో వచ్చిన హెచ్‌డీ ఎడిషన్‌లో మొదటి ఆట మాత్రమే ఉంది. ఆ తర్వాతి విస్తరణ ‘షాడో ఆఫ్ డెత్’ ఎడిటర్‌లో సేవ్ చేసిన మ్యాప్ అందులో ఆడదు. 2011 చివర్లో విడుదలైన అభిమానుల విస్తరణ ‘హార్న్ ఆఫ్ ది అబిస్’ బాగుంటుంది, ఉచితం, దాని ఎడిటర్ కూడా పాతదానికంటే సుఖం. కానీ దానికి అసలు ఆట ‘కంప్లీట్’ వెర్షన్ గానీ ‘షాడో ఆఫ్ డెత్’ గానీ ఉండాలి, ఆ మ్యాపులు మళ్ళీ పాత ఆటలో తెరుచుకోవు. నేను ఇప్పుడు అందులోనే చేస్తున్నాను. ఒక ఉపకారం కూడా ఉంది: దాని ర్యాండమ్ మ్యాపుల్లో ‘జీబస్ క్రాస్’ అనే టెంప్లేట్ ఒకటి రెండుసార్లు ఆడండి. నాలుగు మూలల్లో నలుగురు, మధ్యలో ఇసుక నేల మీద ఖజానా. ఎవరికీ మధ్యభాగం మరీ దగ్గర కాదు, మరీ దూరం కాదు. దూరాలు సమంగా ఉంటే పోటీ ఎంత త్వరగా మొదలవుతుందో అక్కడ కళ్ళతో చూస్తారు.

మీ మ్యాపుకు నేనైతే ఏం చేస్తానంటే

బెంగళూరు మొత్తం వదిలేయండి. యలహంక, కెంగేరి, ఎలక్ట్రానిక్ సిటీ అన్నీ తీసేయండి, బాధగా ఉంటుంది, ఐనా తీసేయండి. పాత ఫైల్ వేరే పేరుతో దాచుకోండి, ఎప్పటికైనా పనికొస్తుంది. కొత్తగా ఎం సైజు తీసుకుని, అండర్‌గ్రౌండ్ లేకుండా, నాలుగు టౌన్లు పెట్టండి: పైన కేఆర్ పురం, కుడివైపు వైట్‌ఫీల్డ్, కింద సర్జాపూర్, ఎడమవైపు కోరమంగళ. మధ్యలో మీ మారతహళ్ళి బ్రిడ్జి. నాలుగు టౌన్ల నుంచీ బ్రిడ్జికి రోడ్డు మీద రెండు రోజులు, రోడ్డు వదిలి అడ్డదారిన మూడు నాలుగు రోజులు పట్టాలి. అడ్డదారిలో చెస్టులూ గనులూ ఉంచండి, రోడ్డు మీద ఏమీ ఉంచకండి. త్వరగా వెళ్ళాలా, సంపాదించుకుంటూ వెళ్ళాలా అన్నది ఆడేవాడే తేల్చుకుంటాడు. బురద పెట్టాలనిపిస్తే పెట్టండి, ఆ నలుగురిలో ఎవరికీ ఫోర్ట్రెస్ ఇవ్వకండి.

తర్వాత నాలుగు రంగులతోనూ మీరే మొదటి వారం ఒక్కోసారి ఆడండి. గెలవడానికి కాదు, ఏ రోజున చేయడానికేమీ లేక టర్న్ ముగించారో నోట్ చేసుకోవడానికి. అలాంటి రోజు ఏడింటిలో ఒకటి ఉంటే పర్వాలేదు. రెండున్నాయంటే దారి కుదించండి, లేదా రోడ్డు వేయండి.

ఆ పైన ఒక ఫ్రెండ్‌ను కూర్చోబెట్టి వెనక నుంచి చూడండి. ఇది అన్నిటికంటే కష్టం, ఎందుకంటే నోరు మూసుకోవాలి. ‘అటు కాదు, ఎడమవైపు గని ఉంది’ అని ఒక్క మాట అన్నా టెస్ట్ పాడైనట్టే. నేను నోట్లో పల్లీలు వేసుకుని కూర్చుంటాను. ఎక్కడ మౌస్ ఆగింది, ఎక్కడ తిట్టాడు, ఎక్కడ ఫోన్ చూశాడు అనేవి రోజు నంబరుతో సహా రాసుకోండి. పోయినసారి ఎవరైతే ముందు పడుకున్నాడో అతన్నే కూర్చోబెట్టండి.

ఎం సైజు ఫైల్ సిద్ధమయ్యాక ఇక్కడ పెట్టండి. కేఆర్ పురం వైపు నుంచి నేను ఆడి చూసి, ఏ రోజు ఖాళీగా కూర్చున్నానో చెబుతాను.